పై అడవి గింజలు

2011 అక్టోబరు 4

నాకు అక్షరం ముక్క రాదు. అంతమాత్రాన నా కోపం నాతోనే పోవాలని ఎక్కడా లేదు. మినొడోర ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో కూర్చుని ఊరందరి ఉత్తరాలూ రాసిపెట్టింది. ఇక మీదట నావి రాస్తుంది. ఇవి ఎవరికీ చూపించడానికి కాదు. సమయం వచ్చినప్పుడు ఒక్క మాట కూడా జారిపోకుండా నేను చదివించుకోవడానికి.

"తిట్లన్నీ రాయనా అక్కా, సగం వదిలేయనా?" అంది. సగం తిడితే పాపం, పూర్తిగా తిడితే న్యాయం, అన్నీ రాయమన్నాను.

ముందు పేరు రాయి. ఒక్తావియన్ బ్రిండ. ఇరవై ఆరేళ్లు ఈ లోయలో అడవి శాఖకి పెద్ద. ఇప్పుడు ఎనభై రెండు. చర్చి పక్కన పచ్చ గేటు ఇల్లు.

1988లో వీడు నా మొగుడు లజర్‌ని దొంగ అన్నాడు. నోటితో అంటే నోటితోనే సమాధానం చెప్పేదాన్ని. కాగితం మీద రాసి పై ఆఫీసుకు పంపాడు. పై అడవిలో ఏరిన మంచి బీచ్ చెట్ల గింజల్ని నూనె గానుగకు అమ్ముకుని, బస్తాల్లో మైదానం గింజలు నింపాడని. ఆ గింజలతో పెంచిన తోట మే నెల మంచుకు మాడిపోయిందని. గింజల కాపలాదారు ఉద్యోగం పోయింది. లజర్ సున్నపు బట్టీలో చేరాడు. మూడేళ్లు దగ్గాడు. పోయాడు.

ఏడు బస్తాలూ పై అడవివే. గింజలు ఏరిన 1983లో లజర్ కాలు విరిగి మంచంలో ఉన్నాడు, ఏరింది నేనే. ఏడూ. రాశావా?

2011 అక్టోబరు 7

ఇన్నేళ్లూ ఊరుకుని ఇప్పుడెందుకు అని మినొడోర అడుగుతుంది. ఊరుకున్నానని ఎవరన్నారు?

రెండు కారణాలు. ఒకటి, వచ్చే మే నెలలో అడవి శాఖ వాళ్లు ఆ తోటకు బోర్డు కడుతున్నారు. చచ్చినవి చావగా, మళ్లీ నాటినవి నాటగా మిగిలింది కదా, ఇప్పుడు తొడ లావు చెట్లయ్యాయి. దానికి "బ్రిండ తోట" అని పేరు. రెండోది, బ్రషోవ్ పట్నం నుంచి స్మరండ అని ఒక పిల్ల వచ్చింది. చెట్ల పుట్టుకలు చూసే చదువు చదివింది. ఆ తోటలో ఒక్కో చెట్టు నుంచీ నాలుగేసి ఆకులు కోసి చిన్న సంచుల్లో వేసుకుంటోంది. పై అడవి ఆకులు కూడా కావాలి, దారి తెలిసినవాళ్లు ఎవరని అడిగితే అందరూ నా గుమ్మం చూపించారు. నన్ను పలకరించరు కానీ దారికి మాత్రం నేను కావాలి.

ఆకులో ఏం కనిపిస్తుందని అడిగాను.

"బీచ్ చెట్టుకు పుప్పొడి గాలిలో వస్తుంది అవ్వా. తండ్రి ఏ కొండవాడో చెప్పడం కష్టం. కానీ ఆకులో పచ్చదనం ఇచ్చేది తల్లి ఒక్కతే. ఆ పచ్చదనంలో తల్లి గుర్తు ఉంటుంది. ఎన్ని తరాలైనా చెరగదు. ఏ వంశం చెట్టు కింద రాలిన గింజో అది చెప్పేస్తుంది."

"తండ్రి గాలికి, బిడ్డ తల్లి నెత్తికి. మా ఊళ్లోనూ అంతే" అన్నాను. చాలాసేపు నవ్వింది.

నేను నవ్వలేదు. ఇరవై మూడేళ్లుగా ఏ దేవుడూ చెప్పని సాక్ష్యం ఆ చెట్ల ఆకుల్లో ఉందని తెలిశాక నవ్వెలా వస్తుంది? బోర్డు కట్టే రోజున, నలుగురి ముందూ, ఈ పిల్ల నోటితోనే చెప్పిస్తాను. లజర్ దొంగ కాదని. బ్రిండ తల ఎటు తిప్పుకుంటాడో చూస్తాను.

2011 అక్టోబరు 12

స్మరండను పై అడవికి తీసుకెళ్లాను. మూడు గంటల ఎక్కుడు. ఆమె ఐదుసార్లు ఆగింది, నేను రెండుసార్లు.

ఈ ఏడాది గింజల ఏడాది. బీచ్ చెట్టు ఏటా కాయదు. ఐదేళ్లో ఏడేళ్లో ఊరుకుని, ఒక ఏడు కొండకొండంతా కూడబలుక్కున్నట్టు కాస్తుంది. ఎలుకలు, అడవిపందులు, పావురాలు ఎంత తిన్నా మిగలాలని. గాలి తగిలినప్పుడల్లా నెత్తిన వాన పడ్డట్టు రాలుతున్నాయి. తెల్ల సున్నం వలయం గీసిన తల్లి చెట్లు ఇప్పటికీ నాకు తెలుసు. ఒక్కొక్కదాని దగ్గరా ఆగి చూపించాను. దుప్పట్లు ఎలా పరిచేవాళ్లమో, గింజల్ని నీళ్ల తొట్టిలో పోసి తేలినవి పారేసి మునిగినవే ఎలా బస్తాకెత్తేవాళ్లమో చెప్పాను. బ్రిండ ఒక్కో బస్తాకూ చీటీ కట్టేవాడు. ఈ గింజలు ఈ చెట్ల కింద నా కళ్లముందు ఏరారు, అని సంతకం.

పెద్ద చెట్ల నీడలో గడ్డి కూడా మొలవదు. ఒక చోట వేలెడు మందం మొక్కలు నిలబడి ఉన్నాయి. ఎన్నేళ్లుంటాయి చెప్పు అవ్వా అని నన్ను పరీక్ష పెట్టింది. యాభై అన్నాను. ఎండిపోయినదాన్ని ఒకదాన్ని కోసి భూతద్దం పెట్టి లోపలి వలయాలు లెక్కపెట్టింది. నలభై ఎనిమిది. "చావకుండా, పెరగకుండా నీడలో కాచుకుని ఉంటాయి. నెత్తిమీద పెద్దది కూలిందా, అప్పుడు లేస్తాయి" అంది, అదేదో నాకు కొత్త సంగతి అయినట్టు.

దిగేటప్పుడు నా మోకాళ్లు నొప్పి పుట్టలేదు.

2011 అక్టోబరు 13

మోకాళ్లు నొప్పి పుట్టాయి. బ్రిండ చావకూడదు, మే దాకా చావకూడదు.

2011 అక్టోబరు 20

ఆ పిల్లకు బుద్ధి లేదు. నేను చూపించిన చెట్లు చాలవా? నిన్న దొర బాటకు వెళ్లి అక్కడి ఆకులు కూడా కోసుకొచ్చిందట. పాత వేట బంగళా దగ్గర రెండు వరసల బీచ్ చెట్లున్నాయి, వంద ఏళ్ల కిందట దొర ఏ తూర్పు దేశం నుంచో గింజలు తెప్పించి వేయించినవి. వాటితో ఈమెకేం పని? తోటకూ దొర బాటకూ సంబంధం ఏమిటి?

అడిగితే, "పోల్చి చూడటానికి అవ్వా, చుట్టుపక్కల ఉన్నవన్నీ తీసుకోవాలి" అంది.

ఎంత చదువుకున్నా పనికిమాలిన పని పనికిమాలిన పనే. మినొడోర తల ఎత్తి చూసింది. నువ్వు రాయి అన్నాను.

2011 నవంబరు 15

1983 సంగతి పూర్తిగా చెప్పలేదు. చెబుతాను, రాయి.

అది కూడా గింజల ఏడాదే. ఏడు బస్తాలు ఇవ్వాలని పైనుంచి ఉత్తరువు. లజర్ కాలికి కర్రలు కట్టి పడుకోబెట్టారు. నేను, మరో ఇద్దరు ఆడవాళ్లు దుప్పట్లు తీసుకుని ఎక్కాం. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. మొదటి రోజు ఒక బస్తా. రెండో రోజు ఒకటిన్నర. నాలుగో రోజుకి నాలుగు. తర్వాత వాన పట్టుకుంది. పైన వాన కాదు, మంచు. వాళ్లిద్దరూ ఇక మేం ఎక్కలేం అన్నారు.

ఏడు బస్తాలూ ఇచ్చాం.

"మిగతా మూడూ ఎప్పుడు ఏరారు?" అని మినొడోర అడిగింది. నువ్వు పోస్టాఫీసులో ఉత్తరాలు చదివేదానివా, రాసేదానివా అన్నాను. ఇవాళ్టికి చాలు.

2011 డిసెంబరు 22

బ్రిండ ఇంట్లో పందిని కోశారు. ఎప్పటిలాగే నాకో ముక్క పంపాడు. ఏటా పంపుతాడు. ఏటా కుక్కకు వేస్తాను. ఈ ఊళ్లో మా కుక్కంత నునుపుగా ఏ కుక్కా లేదు.

2012 ఫిబ్రవరి 9

గడప దాకా మంచు. మినొడోర రాలేదు.

(ఇది మర్నాడు రాయించాను.)

2012 ఏప్రిల్ 23

జార్జి పండుగ. ఇంటింటి గేటుకూ పచ్చ కొమ్మలు కట్టారు. ఈసారి చలి పోలేదు, కొండంతా బూడిదరంగుగానే ఉంది, పై అడవిలో ఒక్క మొగ్గ విప్పలేదు. అయినా అందరి గేట్లకూ లేత బీచ్ ఆకులే. దొర బాట నుంచి తెస్తారు కదా. అవి ఎప్పుడూ రెండు వారాలు ముందే చిగురిస్తాయి. నా చిన్నప్పుడూ అంతే, మా అమ్మ చిన్నప్పుడూ అంతే. తూర్పు దేశం నెత్తురు, ఇక్కడి చలి వాటికి తెలియదు, పండక్కి తొందర అని మా అమ్మ అనేది.

మినొడోర కలం ఆపి నా వంక చూసింది.

"అక్కా, తోట మాడిపోయిన ఏడాది మంచు ఎప్పుడు కురిసింది?"

మే మొదటి వారంలో, అన్నాను.

"అప్పటికి పై అడవి చిగురించిందా?"

లేదు.

"మొగ్గ విప్పనిదాన్ని మంచు మాడ్చదు కదా. మరి తోటలో పై అడవి పిల్లలు ఎలా చిగురించాయి?"

పొయ్యి మీద పులుసు మాడుతోంది, లేవాలి అన్నాను. పొయ్యి మీద ఏమీ లేదు.

2012 మే 8

స్మరండ వచ్చింది. చేతిలో కాగితాలు, మొహం వెలిగిపోతోంది. నా వరండాలో కూర్చుని అన్నీ విప్పి చెప్పింది. తోటలో ఒక్క చెట్టు కూడా దూరపు మైదానం గింజ కాదు. లజర్ ఎక్కడి నుంచీ ఏమీ తెచ్చి కలపలేదు. ఏమీ అమ్ముకోలేదు. నిటారుగా పెరిగిన చెట్లన్నీ పై అడవి బిడ్డలు.

మిగతావి, మంచు తగిలిన ప్రతిసారీ తల మాడి, పక్క నుంచి రెండేసి మూడేసి కొమ్మలు లేచి, చీపురు కట్టల్లా గుబురుగా తయారైనవి. అవన్నీ దొర బాట బిడ్డలు.

"ఏడింట మూడు వంతులు అవ్వా. చచ్చినవాటి చోట మళ్లీ నాటింది కూడా ఆ గింజల నారే. ముందుగా చిగురించడం వాటి వంశంలోనే ఉంది. ఎలా కలిశాయో మాత్రం తెలియదు. బస్తాల మీద సంతకాలన్నీ పై అడవి అనే ఉన్నాయట."

జున్ను పెట్టాను. తిని వెళ్లిపోయింది.

2012 మే 9

ఈ రోజు ఏమీ లేదు.

2012 మే 11

రాయి.

నాలుగు పై అడవివి. మూడు దొర బాటవి.

వాన తగ్గాక నేను ఒక్కదాన్నే వెళ్లాను. అప్పట్లో ఆ బంగళాలో పిల్లల శిబిరం నడిచేది, చెట్ల కింద గడ్డి నున్నగా కోసి ఉంచేవాళ్లు. గింజలు దాని మీద పరిచినట్టు పడి ఉన్నాయి. దుప్పటి అక్కర్లేదు, చీపురు చాలు. రెండు రోజుల్లో మూడు బస్తాలు. నీళ్లలో పోస్తే ఒక్కటి కూడా తేలలేదు. పై అడవి గింజల కంటే లావు, బరువు. తక్కువ సరుకు కలుపుతున్నానని నాకు అనిపించలేదు, మేలు సరుకు ఇస్తున్నాననుకున్నాను. బీచ్ చెట్టు బీచ్ చెట్టే కదా. గేటుకు కట్టే కొమ్మ తొందర గింజలో కూడా ఉంటుందని నాకు ఎలా తెలుస్తుంది?

తెలుసు. ప్రతి పండక్కీ ఆ కొమ్మలు విరిచిన చేతులే ఇవి. తెలిసి, ఆలోచించలేదు.

తోట మాడాక ఆలోచించాను. అప్పటికి బ్రిండ కాగితం పంపేశాడు. నాకు తిట్టడానికి ఒకడు దొరికాడు.

మినొడోర ఏడుస్తోంది. కాగితం తడుస్తుంది, పక్కకు వెళ్లి ఏడవమన్నాను.

2012 మే 15

పచ్చ గేటు తోసుకుని లోపలికి వెళ్లాను. బ్రిండ మొద్దు మీద కూర్చుని, గడ్డి కోసే పొడుగు కొడవలి అంచును సుత్తితో సాగగొడుతున్నాడు.

"వచ్చావా సవేతా. ఇరవై నాలుగేళ్లు పట్టింది నీకు ఈ గేటు దాటడానికి" అన్నాడు, సుత్తి ఆపకుండా.

"నీకు తెలుసా?"

"ఏది?"

"దొర బాట."

సుత్తి ఆగింది.

వాడు చెప్పింది చెప్పినట్టు రాయిస్తున్నాను. ముందు తెలిసింది వాడికి కాదు, లజర్‌కి. 1983లో మంచం దిగి బస్తాల మూతులు కుట్టేటప్పుడే చూశాడట, గింజల్లో కోసిన గడ్డి పరకలు. పై అడవిలో గడ్డి లేదు. నన్ను అడగలేదు. కుట్టేశాడు. ఐదేళ్ల తర్వాత తోట మాడినప్పుడు పైనుంచి మనుషులు వచ్చి విద్రోహం అన్నారు. ఆ రోజుల్లో ఆ మాటకు జైలే. ఎవరు ఏరారో వాళ్లని పిలిపించమన్నారు. ఆ సాయంత్రం లజర్ ఈ ఇంటికి వచ్చాడు.

"దొంగతనానికి ఉద్యోగం పోతుంది, విద్రోహానికి మనిషి పోతాడు, నేను అమ్ముకున్నానని రాయి, సవేత పేరు ఎక్కడా రానివ్వకు అన్నాడు. నేను రాశాను" అన్నాడు బ్రిండ.

"నువ్వంత మంచివాడివా?"

"కాదు. ఆ చీటీల మీద సంతకాలు నావి. నా కళ్లముందు ఏరారు అని. నేను ఆ ఏడాది కొండే ఎక్కలేదు సవేతా. మంచు పడుతుంటే ఇదిగో ఈ ఇంట్లో, ప్లమ్ పండ్ల సారా పక్కన పెట్టుకుని, ఏడు ఖాళీ చీటీల మీదా సంతకం పెట్టి పంపాను. నిన్ను పిలిస్తే నువ్వు చెప్పేస్తావు. నువ్వు చెబితే నేనూ పోతాను. అతను నిన్ను కాచుకున్నాడు, నేను నన్ను కాచుకున్నాను."

"ఈ ఇరవై ఏడున బోర్డు మీద నీ పేరు ఎక్కుతుంది."

"ఎక్కుతుంది. ఎవరు ఏరారో ఆ పిల్లకు తెలియదు. చెట్లకు తల్లి పేరు తెలుసు కానీ చీపురు పట్టినదాని పేరు తెలియదు. నువ్వు నోరు మూసుకుంటే ఇద్దరికీ మంచిది."

మళ్లీ సుత్తి అందుకున్నాడు.

2012 మే 16

లజర్ మీద కోపం.

బస్తా కుడుతూ ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడగలేదు. నన్ను అడగకుండా నా తప్పు ఎత్తుకుని సున్నంలో పడి దగ్గుకుంటూ చావడానికి నీకెవరు అధికారం ఇచ్చారు? మూడేళ్లు నీ మంచం పక్కన కూర్చుని బ్రిండను తిట్టాను. నువ్వు గోడ వైపు తిరిగి పడుకునేవాడివి. నిద్రపోతున్నావనుకున్నాను.

దొంగ. నిజంగానే దొంగవి నువ్వు.

2012 మే 20

మినొడోర ఒక దారి చెప్పింది. "బ్రిండే దొర బాటలో ఏరమన్నాడని చెప్పు అక్కా. బతికున్నది మీరిద్దరే. నీ మాట ఎవరు కాదంటారు? లజర్ పేరూ నిలుస్తుంది, నీ పేరూ నిలుస్తుంది, వాడొక్కడే పడతాడు."

బాగుంది. రాయించాను. చదివించుకున్నాను. ఇంకోసారి రాయించాను, ఇంకా బాగా వచ్చింది. మూడోసారికి నాకే నిజమనిపించింది. బ్రిండ కొండ దిగువన గుర్రం మీద కూర్చుని చీపురు చూపించినట్టు కూడా కళ్లకు కట్టింది. వాడికి గుర్రమే లేదు.

2012 మే 27

బోర్డు మీద తెల్ల దుప్పటి కప్పి ఉంది. పాదిరి, అడవి శాఖ నుంచి ముగ్గురు, ఊరంతా. బ్రిండ నల్ల కోటు వేసుకుని ముందు వరసలో కుర్చీలో. మినొడోర రాసిన కాగితం నా జేబులో. నేను చదవలేను కానీ అందులో ఏముందో నోటికి వచ్చు.

స్మరండ మాట్లాడింది. లజర్ దొంగ కాదని నా కోసమే రెండుసార్లు చెప్పింది పాపం. ఏడింట మూడు వంతులు ఎలా వచ్చాయో మాత్రం తెలియదంది. నేను లేచాను. బ్రిండ నా వైపు తిరిగాడు. ఆ మొహంలో నాకు భయం కనిపించలేదు. నేను అబద్ధం ఆడితే కాదని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. నేనన్నది అబద్ధమైతే వాడు తప్పించుకుంటాడు. నిజమైతే తప్పించుకోలేడు. అది అప్పుడు తెలిసింది నాకు.

"ఎలా వచ్చాయో నాకు తెలుసు. నేను ఊడ్చాను" అన్నాను. "నాలుగు బస్తాలు పైన ఏరాను, మూడు దొర బాటలో చీపురుతో ఊడ్చాను. లజర్ అమ్ముకోలేదు. నన్ను జైలుకు పంపకూడదని దొంగనని రాయించుకున్నాడు. అంత కంటే ఏమీ చేయలేదు. ఇక మీ పెద్దమనిషి. ఏడు చీటీల మీద నా కళ్లముందు ఏరారని సంతకం పెట్టాడు. ఎక్కడ కూర్చుని పెట్టాడో అడగండి."

 అడవి శాఖ ఆఫీసరు, తెల్ల జుట్టాయన, మెల్లగా అడిగాడు.

"బల్ల దగ్గర" అన్నాడు బ్రిండ.

దుప్పటి తీయలేదు. దుప్పటితో సహా బోర్డును బండిలో ఎక్కించుకుని వెళ్లిపోయారు.

నేను దిగి వస్తుంటే అగ్రిపీన నాకు అడ్డంగా నిలబడింది. తోట మాడాక ఊరు ఊరంతా మూడు వసంతాలు జీతం లేకుండా మళ్లీ గుంతలు తవ్వింది. ఆమె అప్పుడు ఆరు నెలల కడుపుతో తవ్వింది. ఆ బిడ్డ నిలవలేదు.

"నీ చీపురు కోసం తవ్వానా సవేతా" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

అవును అన్నాను.

2012 జూన్ 2

పితృదేవతల శనివారం. పోయినవాళ్ల పేరు మీద గిన్నెలో చెర్రీ పండ్లు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, ఇరుగుపొరుగుకు ఇవ్వాలి. నేను ఆరు గిన్నెలు పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. ఇన్నేళ్లూ దొంగ పెళ్లాం అని తీసుకోలేదు. ఇవాళ నా పేరు మీదే తీసుకోలేదు. మినొడోర ఒకటి తీసుకుంది.

మధ్యాహ్నం శ్మశానం దగ్గరకు వెళ్లాను. గేటు లోపలికి వెళ్తుంటే ఆడవాళ్లు దారికి అడ్డం వచ్చారు. వెనక్కి వచ్చి గోడ బయట నిలబడ్డాను. అక్కడి నుంచి అంతా కనిపిస్తుంది.

లజర్ సమాధి మీద, ఇరవై ఒక్క ఏళ్లుగా నేను తప్ప ఎవరూ ఒక్క కొవ్వొత్తి వెలిగించని చోట, ఇవాళ రాయి కనిపించకుండా వెలుగుతున్నాయి. అగ్రిపీన తన గిన్నె తీసుకొచ్చి అక్కడ పెట్టింది. వంగి, అతని పేరు పైకి పలికింది. నాకు వినిపించింది.

గోడ బయట నాకు పది అడుగుల దూరంలో బ్రిండ కూడా కర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. వాడినీ లోపలికి రానివ్వలేదన్నమాట. ఇద్దరం ఒకే వైపు చూశాం. కొవ్వొత్తులు సగం కరిగేదాకా ఉన్నాం.

వాడిని నేను క్షమించలేదు. అది కూడా రాయి, మినొడోరా.